కిరాయి ఇల్లు కూలితే తప్పు ఎవరిది?

మరమ్మతుల విషయంలో యజమానులు, కిరాయిదారులు తెలుసుకోవలసిన సంగతులు

వానాకాలం వచ్చిందంటే పాత గోడలకు గండమే. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఏదో ఒక ఊళ్లో గోడ కూలిందనో, పైకప్పు ఒరిగిందనో వార్త రాక మానదు. వాన వెలిసిందని నిశ్చింతగా వుండడానికీ లేదు. నాని వున్న మట్టి గోడ మరునాడు ఎండ కాసిన తరువాత కూడా కూలవచ్చును. కూలిన ఇంట్లో వున్నది సొంతదారే అయితే నష్టం, కష్టం అతనివే. వాదం వుండదు. కిరాయికి వున్నవారి మీద కూలినప్పుడే అసలు చిక్కు మొదలవుతున్నది.

"ఇంట్లో వుంటున్నది నువ్వు, గోడ ఉబ్బుతుంటే నీకు కనబడలేదా?" అని యజమాని అడుగుతాడు. "ఇల్లు నీది, కిరాయి తీసుకుంటున్నది నువ్వు, బాగు చేయించవలసింది నువ్వు కాదా?" అని కిరాయిదారు అడుగుతాడు. పెద్దమనుషులు కూర్చుంటారు. ఎవరి మాటకూ రుజువుండదు. చివరకు ఎంతో కొంత ఇప్పించి పంపిస్తారు, లేదా అదీ లేకుండానే పంచాయితీ లేస్తుంది. దెబ్బ తగిలినవాడి దవాఖానా ఖర్చు అతని నెత్తినే మిగులుతుంది.

పాత కరీంనగర్ జిల్లా పల్లెల్లో ఈ సమస్య పెరగడానికి ఒక ప్రత్యేక కారణం వున్నది. ఇల్లు ఊళ్లో వుంటుంది, యజమాని హైదరాబాదులో వుంటాడు. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లోనైతే గల్ఫ్‌లో వుంటాడు. తాతల నాటి గూనపెంకుల ఇంటిని పాడుబెట్టడం ఇష్టం లేక ఎవరికో ఒకరికి కిరాయికి ఇస్తాడు. కిరాయి నెలనెలా ఫోనులోనే జమ అవుతుంది. దసరాకో, పెళ్లికో వచ్చినప్పుడు తప్ప ఆ ఇంటి గడప తొక్కడు. ఇక కిరాయికి వున్నవారు ఎవరు? బదిలీ మీద వచ్చిన చిన్న ఉద్యోగి, పని వెతుక్కుంటూ వచ్చిన కూలీ, సొంత జాగా లేని కుటుంబం. రేపో మాపో ఖాళీ చేసే ఇంటికి తన చేతి డబ్బు పెట్టడానికి వారికి మనసొప్పదు. అట్లా ఇద్దరున్నా చూసే దిక్కు లేని ఇళ్లు ఊరూరా మిగిలిపోతున్నాయి.

అన్ని చోట్లా యజమాని ధనికుడు, కిరాయిదారు పేదవాడు అనుకోవడానికీ వీల్లేదు. భర్త పోయిన ముసలమ్మ రెండు గదులు కిరాయికిచ్చి ఆ డబ్బుతోనే మందులు కొనుక్కోవడం మనకు తెలియనిది కాదు. వారపాకు ఆమె గోడ పడిపోతే బతుకుదెరువే పడిపోయినట్టు. కనుక ఇది ఒక పక్షం తప్పు, ఒక పక్షం ఒప్పు అని తేల్చే విషయం కాదు. బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఇద్దరూ ముందుగా తెలుసుకోవలసిన విషయం.

జనం అనుకునేది ఒకటి, చట్టంలో వున్నది ఒకటి

"మరమ్మతులన్నీ యజమానే చేయించాలి, అది చట్టం" అని చాలామంది నమ్మకం. ఈ నమ్మకమే కొంప ముంచుతున్నది. దేశంలో ఇళ్లు, దుకాణాల కిరాయిలకు మూలమైన చట్టం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నూట నలభై ఏళ్లు దాటినా ఇప్పటికీ అమలులో వున్నది. అందులో 108వ సెక్షను యజమానికీ, కిరాయిదారుకూ వున్న హక్కులు, బాధ్యతలు వరుసగా చెబుతుంది. ఆ సెక్షను ఎంత వెతికినా "ఇంటి మరమ్మతులన్నీ యజమాని చేయించాలి" అన్న ముక్క కనబడదు.

మరి ఏమి వున్నది? యజమాని చేయించవలసి వున్న మరమ్మతును, నోటీసు అందిన తరువాత సమంజసమైన గడువులోగా చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని, ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో మినహాయించుకోవచ్చు లేదా వేరే విధంగా వసూలు చేసుకోవచ్చు అని వున్నది. ఇందులో రెండు మాటలు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఒకటి, "చేయించవలసి వున్న" మరమ్మతు. అంటే యజమాని ఒప్పుకున్నదో, ఆ ప్రాంతపు ఆచారం ప్రకారం అతని మీద పడేదో అయి వుండాలి. రెండు, "నోటీసు." చెప్పకుండా చేయించి తరువాత లెక్క చూపిస్తే కుదరదు.

ఆచారం అన్న మాట పల్లెవారికి చాలా ముఖ్యం. ఆ సెక్షను మొదట్లోనే ఒక షరతు వున్నది. ఇద్దరి మధ్య వేరే ఒప్పందం గానీ, స్థానికంగా వేరే ఆచారం గానీ లేనప్పుడే అందులోని నియమాలు వర్తిస్తాయి. వానలకు ముందు గూన సర్దించడం యజమాని వంతు, గోడలు అలుక్కోవడం, మోరి శుభ్రం చేసుకోవడం కిరాయిదారు వంతు అని ఒక ఊళ్లో తరతరాలుగా నడుస్తున్నదనుకుందాం. ఆ ఆచారాన్ని కోర్టు పట్టించుకుంటుంది. అయితే అట్లాంటి ఆచారం వున్నదని రుజువు చేసే భారం దాన్ని చెప్పుకునేవారిదే. నలుగురు సాక్షులు నాలుగు రకాలుగా చెబితే ఆచారం అక్కడే తేలిపోతుంది. అందుకే ఆచారాన్ని కూడా కాగితం మీద పెట్టుకోవడం ఉత్తమం.

యజమాని దాచకూడనిది

మరమ్మతు సంగతి ఎట్లా వున్నా, ఒక విషయంలో యజమానికి తప్పించుకునే దారి లేదు. ఇంట్లో ప్రమాదకరమైన లోపం వుండి, అది తనకు తెలిసి, కిరాయిదారుకు తెలియక, మామూలుగా చూస్తే కనబడనిదైతే, ఇల్లు ఇచ్చేటప్పుడే చెప్పి తీరాలని అదే 108వ సెక్షను మొదటి నియమం. దూలాన్ని లోపల చెదలు తినేసింది, పైన రంగు కొట్టి వున్నది. గోడ పగులును సిమెంటుతో పూసి సున్నం వేశారు. బావి పూడ్చిన చోట గది కట్టారు. ఇవన్నీ కంటికి కనబడని లోపాలు. తెలిసి దాచిన యజమాని తరువాత "వాడు చూసుకుని దిగాడు కదా" అంటే చెల్లదు.

కంటికి కనబడే లోపం వేరు. పైకప్పు నుంచి పెచ్చులు ఊడి సలాకలు బయటపడి వున్నా, గోడ ఉబ్బి వున్నా, చూసి కూడా ఏమీ అడగకుండా ఇంట్లో దిగిన కిరాయిదారుకు ఈ నియమం అంతగా అక్కరకు రాదు. కిరాయి తక్కువని అట్లాంటి ఇంట్లో దిగేవారు ఆ తక్కువ కిరాయి వెనుక వున్న ప్రమాదాన్ని కూడా లెక్క వేసుకోవాలి.

కిరాయిదారు మెడ మీద వున్న బాధ్యత

ఇల్లు తనకు ఏ స్థితిలో అప్పగించారో, ఖాళీ చేసేనాడు ఆ స్థితిలోనే తిరిగి అప్పగించాలన్నది కిరాయిదారు మీద వున్న ప్రధాన బాధ్యత. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదల, మనిషి చేతిలో లేని ఉపద్రవం వల్ల వచ్చిన మార్పు మాత్రం దీనికి మినహాయింపు. సున్నం వెలిసిపోతే, గడప అరిగిపోతే కిరాయిదారును పట్టుకోరాదు. కానీ నీళ్ల కుళాయి కారుతుంటే ఏడాది పొడుగునా పట్టించుకోక, ఆ నీరు పునాదిలోకి దిగి గోడ బీటలు వారితే దాన్ని అరుగుదల అనరు, నిర్లక్ష్యం అంటారు.

ఇంటిని సమంజసమైన వేళల్లో వచ్చి చూసుకునే హక్కు యజమానికి వున్నది. చూసి, ఫలానా లోపం వున్నదని నోటీసు ఇవ్వవచ్చు. ఆ లోపం కిరాయిదారు చేసిన పని వల్లనో, చేయకపోవడం వల్లనో, అతని పనివాళ్ల వల్లనో వచ్చినదైతే నోటీసు నాటి నుంచి మూడు నెలల లోపల అతడు బాగు చేయించి తీరాలి. మూడు నెలల గడువు చట్టంలోనే వున్నది.

ఇచ్చిన పనికి కాక వేరే పనికి ఇంటిని వాడితే బాధ్యత ఇంకా బరువవుతుంది. కాపురానికని తీసుకున్న ఇంట్లో సాంచెలు పెట్టి రాత్రింబవళ్లు నడిపితే ఆ అదురుకు పాత గోడ నిలవదు. సరుకు నిలవకని చెప్పని గదిలో ఎరువుల బస్తాలు పైకప్పు దాకా పేర్చితే, ఆ ఉప్పు గోడను తినేస్తుంది, ఆ బరువు నేలను కుంగదీస్తుంది. వెడల్పు కోసం మడిగెలో అడ్డుగోడ తీసేయడం మరీ ప్రమాదం. ఏ గోడ పైకప్పును మోస్తున్నదో మేస్త్రీకి చూపించకుండా గడ్డపార వేయరాదు. యజమాని అనుమతి లేకుండా ఇట్లాంటి మార్పులు చేసిన కిరాయిదారు, కట్టడం కూలితే తరువాత యజమానిని వేలెత్తి చూపలేడు.

కరెంటు తీగ ఎవరిది?

వానాకాలంలో గోడలతో పాటు ప్రాణాలు తీసేది కరెంటు. తడిసిన రేకుల షెడ్డు, దానికి కట్టిన ఇనుప దండెం తీగ, ఎక్కడో చర్మం ఊడిన వైరు మూడూ కలిస్తే బట్టలు ఆరవేసే ఆడమనిషి ప్రాణం పోతుంది. మీటరు వరకు వున్న లైను కరెంటు సంస్థది. మీటరు దాటి ఇంట్లో వున్న వైరింగు ఆ ఇంటిది. గోడలో వేసిన వైరు పాతదై పాడైతే, ఎర్తింగు లేకపోతే అది ఇంటికి వున్న లోపం. కూలరు కోసమో, మోటరు కోసమో కిరాయిదారు తానే అతుకుల వైరు లాగితే అది అతని లోపం. దండెం తీగకు ఇనుప తీగ బదులు తాడు కట్టుకోవడానికి మాత్రం ఏ చట్టమూ, ఏ యజమానీ అక్కరలేదు.

అగ్గి, వరద వచ్చినప్పుడు

2021 సెప్టెంబరులో సిరిసిల్ల పట్టణ వీధులు వరద నీటితో నిండిన సంగతి పాఠకులకు గుర్తే. అట్లాంటి వరద, గాలివాన, అగ్గి వంటి ఉపద్రవంలో ఇల్లు ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా, ఇక ఎన్నటికీ కాపురానికి పనికిరాకుండా పోయినా, కిరాయి ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కిరాయిదారుకు వున్నది. అయితే ఒప్పందం దానంతట అది రద్దు కాదు. "నేను రద్దు చేసుకుంటున్నాను" అని అతడు తెలియజేయాలి. ఏమీ చెప్పకుండా సామాను అక్కడే వుంచి, కిరాయి మాత్రం ఇవ్వనంటే కుదరదు. పొయ్యి ఆర్పక తానే అగ్గి పుట్టించినవాడికీ, తానే మోరి పూడ్చి నీరు నిలవేసినవాడికీ ఈ హక్కు లేదు.

పక్కింటి మీద, దారి మీద పడితే

ఇంతవరకు చెప్పుకున్నది ఇద్దరి మధ్య వ్యవహారం. గోడ మూడోవాడి మీద పడితే సంగతి మారుతుంది. ఒప్పందంలో ఏమి రాసుకున్నారో ఆ మూడోవాడికి సంబంధం లేదు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 1966లో ఇచ్చిన తీర్పు నేటికీ ఆధారం. ఢిల్లీ చాందినీ చౌక్‌లో టౌన్‌హాలు ఎదుట వున్న గడియార స్తంభం కూలి పలువురు చనిపోయారు. ఆ కట్టడానికి అప్పటికి ఎనభై ఏళ్లు. అందులో వాడిన రకం గచ్చు నలభై, నలభై అయిదేళ్లకు మించి నిలవదని ఇంజనీరు సాక్ష్యం చెప్పాడు. తాకితే పొడిగా రాలిపోయే స్థితికి వచ్చింది. లోపం పైకి కనబడలేదని, తమకు తెలియదని నగర పాలక సంస్థ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. జనం నడిచే దారి పక్కన కట్టడం వున్న యజమాని దాన్ని కాలకాలానికి పరీక్ష చేయించాలని, లోపం కనబడేదైనా కనబడనిదైనా దాని వల్ల జరిగిన హానికి బాధ్యత అతనిదేనని తేల్చింది. "నాకు తెలియదు" అన్న మాట అక్కడ చెల్లలేదు. తెలుసుకోకపోవడమే తప్పయింది.

ఆ స్తంభం పూర్తిగా యజమాని చేతిలోనే వుండినది. కిరాయికి ఇచ్చిన ఇల్లయితే గోడను బాగు చేయించే బాధ్యత, వీలు ఎవరి చేతిలో వున్నాయో కూడా కోర్టు చూస్తుంది. అంటే కిరాయిదారు కూడా పూర్తిగా ఒడ్డున వున్నట్టు కాదు. గోడ వంగుతున్నదని రోజూ చూస్తూ ఎవరికీ చెప్పనివాడికి ప్రశ్న తప్పదు.

ఇవి పుస్తకంలో మాటలు కావు. 2013 జూలైలో సికింద్రాబాదులో పాత కట్టడంలో నడుస్తున్న సిటీ లైట్ హోటలు తెల్లవారుజామున కూలి డజనుకు పైగా ప్రాణాలు పోయాయి. 2020 అక్టోబరు భారీ వర్షాల్లో హైదరాబాదు బండ్లగూడలో ప్రహరీ గోడ కింది ఇళ్ల మీద పడి చిన్న పిల్లలతో సహా తొమ్మిది మంది చనిపోయారు. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే అది నేరం కూడా అవుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే వుండేది. చనిపోయినవారి కుటుంబం నష్టపరిహారం కోసం 1855 నాటి చట్టం కింద దావా వేయాలంటే గడువు రెండేళ్లు. పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ ఆ రెండేళ్లు గడిచిపోనివ్వరాదు.

కూలనిచ్చి ఖాళీ చేయించవచ్చునా?

పట్టణాల్లోనూ, మండల కేంద్రాల్లోనూ మరో రకం వ్యవహారం వున్నది. పాత కిరాయికి ముప్పై ఏళ్లుగా మడిగెలో పాతుకుపోయిన కిరాయిదారును ఖాళీ చేయించలేక, మరమ్మతులు ఆపేసి "కూలితే వాడే పోతాడు" అని చూసే యజమానులు లేకపోలేదు. అటు కిరాయిదారు కూడా "నాది కాదు కదా" అని చేయి పెట్టడు. ఇద్దరి పంతం మధ్య స్లాబు పెచ్చులు గిరాకీల నెత్తిన పడుతుంటాయి.

కట్టడం కూలినంత మాత్రాన కిరాయి హక్కు పోతుందా అన్న ప్రశ్న మీద సుప్రీంకోర్టులోనే కొంతకాలం రెండు రకాల తీర్పులు వుండేవి. 2014లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని తేల్చివేసింది. అది మహారాష్ట్ర నుంచి వచ్చిన వ్యాజ్యం, పురపాలక సంస్థ కూల్చివేసిన కట్టడం. ఇల్లు కిరాయికి ఇవ్వడమంటే దాని కింది స్థలాన్ని కూడా ఇవ్వడమేనని, పై కట్టడం పోయినా ఆ స్థలం మీద కిరాయి హక్కు నిలిచే వుంటుందని ధర్మాసనం చెప్పింది. కనుక మరమ్మతు ఆపి ఇల్లు కూలనిస్తే కిరాయిదారు తప్పకుండా పోతాడన్న లెక్క తప్పుతుంది. ఇల్లూ పోయి, వ్యాజ్యమూ మిగులుతుంది.

పట్టణంలో ఒక చట్టం, పల్లెలో ఒకటి

తెలంగాణలో 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం పురపాలక సంఘాలున్న పట్టణాలకే వర్తిస్తుంది. అందులోనూ కిరాయి ఒక పరిమితి దాటిన కట్టడాలకు వర్తించదు. కట్టడం విలువ తగ్గేలా పాడు చేసిన కిరాయిదారును ఖాళీ చేయించమని ఆ చట్టం కింద యజమాని కిరాయి నియంత్రణాధికారిని కోరవచ్చు. గ్రామ పంచాయతీ పరిధిలోని ఇంటికి ఆ అధికారి లేడు. అక్కడ వున్నది 1882 చట్టం, ఇద్దరి మధ్య ఒప్పందం, ఆపైన సివిల్ కోర్టు. అందుకే పట్టణంలో ఎవరికో జరిగిన న్యాయం చూసి "మాకూ అట్లాగే" అనుకుంటే పల్లెలో నిరాశ తప్పదు.

పొలం కౌలు సంగతి మరీ వేరు. వ్యవసాయ కౌళ్లకు 1882 చట్టంలోని ఈ నియమాలు ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప వర్తించవు. కాలిన బోరు మోటరు ఎవరు కట్టించాలి, తెగిన ఒడ్డు ఎవరు వేయించాలి అన్నది కౌలు మాట్లాడుకునేనాడే తేల్చుకోకపోతే తరువాత తేలడం కష్టం.

పని పంచుకోవడానికి ఒక కొలబద్ద

ఈ తగాదాలు తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వం 2021 జూన్‌లో ఒక నమూనా కిరాయి చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. నమూనా అంటే నమూనాయే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప దాని ఆధారంగా ఎవరినీ నిలదీయలేము. అయినా అందులో పని పంచిన తీరు సబబుగా వున్నది. ఒప్పందం రాసుకునేవారు దాన్ని ఎత్తి రాసుకోవడానికి అడ్డేమీ లేదు.

దాని ప్రకారం కట్టడానికి సంబంధించిన పెద్ద మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు, అవసరమైనప్పుడు నీటి గొట్టాలు మార్చడం, లోపలి బయటి కరెంటు వైరింగు యజమాని వంతు. కుళాయిలు, వాటి వాషర్లు, మోరి శుభ్రం, మరుగుదొడ్డి చిన్న మరమ్మతులు, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, గొళ్లేలు, పగిలిన కిటికీ అద్దాలు కిరాయిదారు వంతు. యజమాని తన వంతు చేయించకపోతే కిరాయిదారు చేయించి కిరాయిలో కోసుకోవచ్చు. అయితే ఏ నెలలోనూ సగానికి మించి కోయరాదు. కిరాయి మూడు వేలు, మరమ్మతుకు తొమ్మిది వేలు అయిందనుకుందాం. నెలకు పదిహేను వందల చొప్పున ఆరు నెలల్లో చెల్లుతుంది. యజమానికి ఒక్కసారి బరువు పడదు, కిరాయిదారు సొమ్మూ మునగదు. కిరాయిదారు తన వంతు చేయకపోతే యజమాని చేయించి అడ్వాన్సులో పట్టుకోవచ్చు.

కాగితమే కాపాడుతుంది

నెలనెలా కిరాయికి ఇచ్చే ఇంటికి నోటి మాట చట్టప్రకారం చెల్లుతుంది. చెల్లడం వేరు, రుజువు కావడం వేరు. ఏడాదికి మించిన గడువుకు ఇస్తే మాత్రం రిజిస్టరు చేయించిన పత్రం తప్పనిసరి. కనుక యజమానులు, కిరాయిదారులు ఈ కింది జాగ్రత్తలు పాటించడం మంచిది.

మొదటిది, ఇంట్లో దిగేనాడు ఇద్దరూ కలిసి గదిగదికీ తిరిగి చూడాలి. పగుళ్లు, కారే చోట్లు, దూలాలు, వైర్లు ఎట్లా వున్నాయో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోను వున్నది. తేదీ పడేలా ఫోటోలు తీసి ఇద్దరి దగ్గరా వుంచుకోవాలి. ఖాళీ చేసేనాడు "ఇది నువ్వే పగలగొట్టావు" అన్న మాటకు అదే జవాబు.

రెండోది, ఏ మరమ్మతు ఎవరిదో ఒప్పందంలో ఒక్కొక్కటిగా రాయాలి. "మరమ్మతులు మామూలు ప్రకారం" అని రాస్తే ఏమీ రాయనట్టే.

మూడోది, లోపం కనబడిన రోజే రాతపూర్వకంగా తెలపాలి. ఫోనులో చెప్పాను అంటే చెప్పినట్టు రుజువుండదు. చేరినట్టు రుజువు వచ్చేలా స్పీడు పోస్టులో పంపి, దాని నకలు, రసీదు దాచుకోవాలి. యజమాని దుబాయిలో వుంటే ఊళ్లో అతని తరఫున చూసేవారెవరో ఒప్పందంలోనే పేరు రాయించుకోవాలి. వాట్సాపులో పంపిన ఫోటో, మాట కూడా కోర్టులో పనికి రావచ్చు. చెరిపివేయరాదు.

నాలుగోది, కోపం వచ్చి కిరాయి మొత్తం ఆపివేయరాదు. అప్పుడు మరమ్మతు మాట వెనక్కి పోయి కిరాయి బాకీ మాట ముందుకు వస్తుంది. నోటీసు ఇచ్చి, గడువు చూసి, యజమాని చేయించవలసిన పని తాను చేయించి, రసీదులు చూపి, అంత మేరకే మినహాయించుకోవాలి.

అయిదోది, గోడ దారి వైపు వంగితే, పక్కింటి వైపు ఉబ్బితే యజమానికి మాత్రమే కాదు, పంచాయతీ కార్యదర్శికి కూడా రాసి ఇవ్వాలి. ఆ గది వెంటనే ఖాళీ చేయాలి. నోటీసు గడువు మనిషికి వుంటుంది, గోడకు వుండదు.

తగవు ముదిరితే నేరుగా పెద్ద ఖర్చుకు దిగనక్కరలేదు. 1987 చట్టం కింద ఏర్పడిన జిల్లా న్యాయసేవా సంస్థను ఆశ్రయించవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. లోక్ అదాలత్‌లో ఇద్దరూ రాజీపడి పొందిన తీర్పు కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు వుండదు. ఊరి పెద్దమనుషుల మాటకు లేని బలం ఆ కాగితానికి వున్నది.

పంచాయతీలు చేయవలసినది

2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో పాడుబడిన ఇళ్లను గుర్తించి తొలగించే పని సాగింది. అది మంచి పనే. అయితే ఖాళీగా వున్న పాడిల్లు కూలినా పెద్దగా ప్రాణనష్టం వుండదు. ప్రమాదమంతా మనుషులు కాపురమున్న పాత ఇళ్లలోనే వున్నది. ఏటా రోహిణి కార్తెలోపల పంచాయతీ కార్యదర్శి, వార్డు సభ్యుడు, ఊళ్లోని ఒక అనుభవమున్న మేస్త్రీ కలిసి వాడవాడా తిరిగి, కిరాయికి వున్న పాత ఇళ్లను చూసి, లోపాలున్నవాటి యజమానులకు కాగితం పంపితే పెద్ద ఖర్చేమీ కాదు. ఆ కాగితం రెండు పనులు చేస్తుంది. బుద్ధిమంతుడైన యజమాని చేత గూన సర్దిస్తుంది. మొండి యజమాని రేపు "నాకు తెలియదు" అనకుండా నోరు కట్టేస్తుంది. దూరాన వున్న యజమానికి తన ఇల్లు ఎట్లా వున్నదో తెలిసే దారి కూడా అదే.

మరమ్మతు ఖర్చు ఎప్పుడూ ఇద్దరికీ బరువుగానే కనబడుతుంది. రెండు వేలతో పోయే పగులును వాయిదా వేస్తే అది గోడ ఖర్చవుతుంది, గోడను వాయిదా వేస్తే ఇంటి ఖర్చవుతుంది. ఆ తరువాత పోయేదానికి లెక్క కట్టలేము. యజమాని ఇల్లు ఇచ్చి మరిచిపోరాదు, కిరాయిదారు చూసి ఊరుకోరాదు. చట్టం ఇద్దరినీ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: లోపం తెలిసిన రోజున నువ్వు ఏమి చేశావు? దానికి జవాబు చేతిలో కాగితంగా వున్నవాడే నిలబడతాడు. వానలు పడకముందే ఆ కాగితం రాసుకోవడం ఇద్దరికీ మేలు.